శిక్షణ గదిలో సమయస్ఫూర్తి



స్మారకోపన్యాసం ముందే రాసుకుని, ముందే అచ్చు వేయించి, ఆ తర్వాత సభలో చదివేది. ఎదుట ఎవరు కూర్చుంటారో తెలియకముందే మాట ఖరారైపోయే ఈ పద్ధతి మాస్టారికి బొత్తిగా గిట్టేది కాదు. ఆయన పేరు మీద జరిగే సభలోనే నేను కాగితాలు పట్టుకుని నిలబడ్డాను. ఉంటే నవ్వేవారు. పద్ధతి మార్చడం నా చేతిలో లేదు గనక విషయం మాత్రం ఆయనదే తీసుకున్నాను. శిక్షణ ఇవ్వడానికి నిలబడ్డ మనిషి, తాను అనుకుని వచ్చినదానికీ ఎదుట ఉన్నదానికీ పొసగనప్పుడు అక్కడికక్కడ ఏం చేయాలి?

కొత్తవాళ్ళ కోసం ఒక్క మాట. పల్లెటూరి బడిపంతులుగా మొదలై, రాత్రిబడులు నడిపి, తర్వాత రైతులకూ పొదుపు సంఘాల ఆడవాళ్ళకూ, చివరికి శిక్షణ ఇచ్చేవాళ్ళకే శిక్షణ ఇచ్చిన మనిషి ఆయన. ఎన్ని పనులు మారినా అందరం మాస్టారనే పిలిచాం. ఇక్కడా అలాగే పిలుస్తాను.

మనలో చాలామందికి సమయస్ఫూర్తి అంటే ఒక బొమ్మ ఉంది. కరెంటు పోతుంది, ప్రొజెక్టర్ ఆగిపోతుంది. సారు ఏమాత్రం తడుముకోకుండా రెండు పిట్టకథలు చెప్పి సభను రక్తి కట్టిస్తారు. అందరూ శభాష్ అంటారు. నిజానికి ప్రొజెక్టర్ ఆగడం అంత పెద్ద చిక్కేమీ కాదు. అది అందరికీ కనిపించే చిక్కు, అందరూ ఓర్చుకుంటారు కూడా. అసలు చిక్కు కనిపించదు. నలభై మంది మర్యాదగా తలలూపుతుంటారు, ఒక్కరికీ ఎక్కడం లేదు. లేదా మనం చెప్పేదంతా వాళ్ళకు ముందే తెలుసు, పెద్దమనిషి బాధపడతాడని ఊరుకున్నారు. లేదా మనసంతా ఇంకెక్కడో ఉంది: నిన్న పడ్డ వాన, మార్కెట్ యార్డులో ధర, ఇంట్లో జ్వరంతో ఉన్న పిల్ల. ఇవి పసిగట్టనివాడు కరెంటు ఉన్నా చీకట్లోనే మాట్లాడుతున్నట్టు.

సమయస్ఫూర్తి అనగానే మనవాళ్ళు అవధానాన్ని తలుచుకుంటారు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపులకు లాగుతుంటే అవధాని తొణకడు. అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన పనే ధారకు అడ్డుపడడం, దానికీ చమత్కారంగా బదులిస్తాడు. గొప్ప విద్య. అయితే అక్కడ కసరత్తంతా ఒక్క బుర్రలో జరుగుతుంది, సభ చప్పట్లు కొడుతుంది. శిక్షణ అయ్యాక జనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వెళ్ళారంటే, ఆ రోజు కసరత్తు చేసింది మనం, వాళ్ళు కాదు. నాకు బుర్రకథ దగ్గరగా అనిపిస్తుంది. మధ్యలో కథకుడు, చెరోపక్క వంతలు. ఒక వంత హాస్యం, రెండో వంత రాజకీయం. షేక్ నాజర్ లాంటి మహానుభావులు చెప్పే కథ అల్లూరిది కావచ్చు, పల్నాటిది కావచ్చు, దాని నడక మారదు. ఆ ఊళ్ళో ఆ పూట నలుగుతున్న సంగతి మాత్రం వంతల నోటి నుంచి వస్తుంది. నీటి తగాదా ఉంటే నీటి తగాదా, రేషన్ డీలర్ మీద కోపం ఉంటే అది. కథ కదలకుండా ఉంది గనకే పక్కమాటకు అంత స్వేచ్ఛ.

నేను చెప్పదలచింది ఇందులోనే ఉంది. అక్కడికక్కడ మార్చగలిగేవాడు ఏది మార్చకూడదో ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చినవాడు. అది తేల్చుకోనివాడికి ప్రతి మార్పూ తప్పటడుగే. అందుకే అతడు మార్చడు, కాగితంలో ఉన్నది చదివేస్తాడు. లేకపోతే అన్నీ మార్చేసి, సాయంత్రానికి జనానికి కాలక్షేపం మాత్రం మిగులుస్తాడు.

మాస్టారు చేసిన పని ఒకటి చెబుతాను. పత్తి పండే మెట్ట ఊరు. రైతులకు సస్యరక్షణ మీద ఒకరోజు శిక్షణ అని పిలుపు వెళ్ళింది. తీరా ఆ రోజు మగవాళ్ళు ఏదో పని మీద పట్నం పోయారు. పిలుపు వచ్చింది, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా అని ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. మాకు రాసిచ్చిన కార్యక్రమంలో పొద్దుటి పూటంతా స్ప్రేయర్ వాడకం, నాజిల్ రకాలు, మందుల మోతాదు. వచ్చినవాళ్ళలో ఒక్కరూ స్ప్రేయర్ భుజాన వేసుకున్నవాళ్ళు కారు. రద్దు చేసి ఇంకో తేదీ ఇద్దామన్నాడు మాతో వచ్చిన కుర్రాడు. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని అడిగారు: "అమ్మా, కలుపు తీసేటప్పుడు చేలో వంగి ఉండేది మీరే కదా. పత్తి ఆకు వెనకవైపు మీకు ఏమేం కనిపిస్తాయి?"

తర్వాత గంటసేపు మేం మాట్లాడలేదు. పచ్చదోమ ఏ మూల చేలో ముందు కనిపిస్తుందో, పేనుబంక పట్టిన మొక్క చుట్టూ చీమలు ఎలా తిరుగుతాయో, తెల్లదోమ తట్టగానే ఎలా లేస్తుందో ఒకరినొకరు అందుకుంటూ చెప్పారు. నిలబడి చూసే మగవాడికి ఆకు పైవైపు కనిపిస్తుంది, వంగి పనిచేసే మనిషికి అడుగువైపు కనిపిస్తుంది. రసం పీల్చే పురుగులుండేది అడుగువైపే. మధ్యాహ్నం అందరూ పక్క చేలోకి దిగి, మొక్కకు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారు. మా కాగితంలో ఉన్న పాఠాల్లో ఒక్కటీ జరగలేదు. ఆ కాగితం రాసింది ఎందుకో అది మాత్రం జరిగింది: మందు కొట్టే ముందు పురుగును చూసి, లెక్కపెట్టి, అప్పుడు నిర్ణయించుకోవాలి. మాస్టారు మారనివ్వనిది ఆ ఒక్క మాటే. సాయంత్రం ఇళ్ళకు చేరిన భర్తలను, "పురుగుంటే కదా మందు?" అని ఆడవాళ్ళు నిలదీశారని తర్వాత ఆ ఊరివాళ్ళే చెప్పారు. ఎంతవరకు నిజమో గాని, వినడానికి బాగుంది.

ఇలాంటి రోజు ప్రపంచ చరిత్రలో ఒకటి చక్కగా నమోదై ఉంది. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రం, చార్లెస్టన్ పక్కన జాన్స్ ఐలండ్ అనే దీవి. ఓటరుగా నమోదు కావాలంటే రాజ్యాంగంలోని ఒక భాగం చదివి చూపించాలని అక్కడ నిబంధన. నల్లవాళ్ళను ఓటుకు దూరం పెట్టడానికి అది చాలా అనువైన అడ్డు. ఈసా జెంకిన్స్ అనే ఆయన దీవి నుంచి పట్నానికి జనాన్ని చేరవేసే బస్సు నడిపేవాడు. ఆ ప్రయాణికుల్లోనే కొందరు మాకు చదువు నేర్పమని అడిగారు. ఆయనా, టెనెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్‌కు చెందిన మైల్స్ హార్టన్, సెప్టిమా క్లార్క్ కలిసి 1957 జనవరిలో రాత్రిబడి పెట్టించారు. ముందు గదిలో కిరాణా కొట్టు, వెనక గదిలో బడి. తెల్లవాళ్ళ కంట పడకూడదు గనక ఆ ఏర్పాటు.

టీచరుగా ఎవరిని పెట్టారు? బెర్నిస్ రాబిన్సన్‌ను. ఆమె చార్లెస్టన్‌లో బ్యూటీ పార్లర్ నడిపే మనిషి, కుట్టుపనీ తెలుసు, బడిలో పాఠం చెప్పిన అనుభవం లేదు. శిక్షణ పొందిన ఉపాధ్యాయులను కావాలనే వద్దనుకున్నారు. వాళ్ళు బడి పద్ధతినే వెంట తెస్తారని, పెద్దవాళ్ళను పిల్లల్లా చూస్తారని భయం. ఆ భయం నిజమే కావచ్చు. ఎందుకంటే రాబిన్సన్ కూడా మొదటిరోజు చిన్నపిల్లల వాచకాలే వెంట తెచ్చుకుంది. పధ్నాలుగు మంది వచ్చారు. చేలల్లో పనిచేసి వచ్చిన పెద్దలు, కొందరు ముసలివాళ్ళు. వాళ్ళ ముఖాలు చూడగానే ఆమెకు అర్థమైంది, ఈ పుస్తకాలు వీళ్ళ ముందు పెట్టడం అవమానమని. వాటిని పక్కన పడేసి, మీకు ఏం నేర్చుకోవాలని ఉందని అడిగింది. పేరు రాయడం, బైబిలు చదవడం, మనియార్డరు ఫారం నింపడం, కేటలాగు చూసి బట్టలు తెప్పించుకోవడం అన్నారు. అవే పాఠాలయ్యాయి. కలం పట్టడం రాని చేతులకు, అట్టముక్క మీద రాసిన పేరు మీదుగానే పదేపదే దిద్దించింది. గోడకు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల ప్రకటన అంటించి, బడి ముగిసేలోగా ఇది చదవగలగాలని చెప్పింది. ఓటరు పరీక్షకు కావలసిన రాజ్యాంగ భాగం సంగతి చెప్పనక్కర్లేదు, అది మొదటినుంచీ లక్ష్యమే.

గమనించండి, ఆమె పుస్తకం మార్చింది, పాఠాల వరస మార్చింది, తన పాత్రనే మార్చుకుంది. ఓటు హక్కును కదపలేదు. ఆ వెనక గది నుంచి పుట్టిన సిటిజన్‌షిప్ స్కూళ్ళు తర్వాత దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పాకాయి. 1961లో మార్టిన్ లూథర్ కింగ్ సంస్థ వాటి బాధ్యత తీసుకుంది. మొదటి రాత్రి రాబిన్సన్ మర్యాదకు పోయి వాచకంలో మొదటి పేజీ తీసి ఉంటే ఆ పధ్నాలుగు మందిలో రెండోరోజు ఎందరు వచ్చేవారో మీరే ఊహించండి.

మన నెల్లూరు జిల్లా సంగతి మీకు నేను చెప్పాలా? 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రిబడుల్లో ఆడవాళ్ళు పాఠం మీద మాట్లాడుకుంటూ సారా మీదకు వచ్చారు. "అక్కా, ఆ గోడు తర్వాత, ముందు అక్షరం దిద్దు" అని అడ్డుపడని కార్యకర్తలు ఉండబట్టి ఆ మాట బడి దాటింది. సారా మీద పోరాడిన దూబగుంట రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. నిషేధం నిలిచిందా లేదా అన్నది వేరే చర్చ. బడిలో పాఠం పక్కదారి పట్టినప్పుడు అది పక్కదారో అసలు దారో తేల్చుకోవలసిన క్షణం ఒకటి ఉంటుందని, ఆ క్షణంలో నిలబడ్డది జీతం లేని కుర్రకారు అని మాత్రం గుర్తు చేస్తున్నాను.

ఇలా తేల్చుకునే తెలివి అందరికీ పుట్టుకతో రాదు కదా అంటారు. రాదు. అందుకే మనిషి మీద భారం వేయకుండా, మార్పును పద్ధతిలోనే అమర్చినవాళ్ళ గురించి చెప్పుకోవాలి. ఇండొనేషియాలో విపరీతంగా మందులు కొట్టి, సాలీళ్ళలాంటి మిత్రపురుగులను చంపుకుని, వరిలో సుడిదోమను తామే పెంచుకున్నారు. 1986లో ఆ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో రైతులకు పొలంలోనే బడులు మొదలయ్యాయి. మన వ్యవసాయశాఖ నడిపిన పొలంబడికి మూలం అదే. పాతికమంది రైతులు, పంటకాలమంతా వారానికి ఒక పొద్దు. అయిదారుగురు చొప్పున జట్లుగా చేలోకి దిగుతారు, మొక్కలు చూస్తారు, పురుగులు లెక్కపెడతారు. గట్టు మీదకు వచ్చి పెద్ద కాగితం మీద బొమ్మ వేస్తారు. మధ్యలో మొక్క, ఒకవైపు శత్రుపురుగులు, రెండోవైపు మిత్రపురుగులు, పైన ఎండో మబ్బో. ఆ బొమ్మ పట్టుకుని ప్రతి జట్టూ ఈ వారం ఏం చేయాలో వాదిస్తుంది.

ఇందులో శిక్షకుడు ముందే రాసుకోగలిగింది చాలా తక్కువ. ఈ వారం చేలో ఏముందో చేనే చెబుతుంది. రైతు ఒక పురుగును పట్టుకొచ్చి "ఇదేంటి సార్?" అంటాడు. పేరు నాలుక చివర ఆడుతుంటుంది. పొలంబడిలో తర్ఫీదు పొందినవాడు పేరు చెప్పడు. ఎక్కడ దొరికింది, ఏం చేస్తోంది, ఎన్ని ఉన్నాయి అని అడుగుతాడు. తేలకపోతే ఆ పురుగునూ, నాలుగు సుడిదోమలనూ ఒక సీసాలో వేసి మూతికి పల్చటి గుడ్డ కట్టి ఉంచుతారు. ఏది దేన్ని తిందో రైతే చూసుకుంటాడు. శిక్షకుడికి జవాబు తెలియని పురుగు వచ్చినా ఈ పద్ధతి తడబడదు. కీటకశాస్త్రం చదివిన కొందరికి ఇది నచ్చలేదు. తెలిసిన పేరు దాచడం దొంగాట అన్నారు. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. మరీ నాటకంగా దాచితే రైతుకు ఒళ్ళు మండుతుంది. మాస్టారు అయితే సీసా కట్టేశాక పేరు చెప్పేసేవారు.

ఇక అస్సలు మార్చకూడనివి ఉంటాయి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1980 నుంచి 1990 దాకా కోటికి పైగా ఇళ్ళకు మనుషులను పంపి, విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఉప్పు, బెల్లం కలిపిన నీళ్ళు తయారుచేయడం తల్లులకు నేర్పించింది. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం, అర సేరు నీళ్ళు. చెప్పే తీరు ఎలాగైనా మార్చుకోవచ్చు, ఆ కొలత మారకూడదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. ఆ సంస్థ చేసిన తెలివైన పని ఇంకొకటి ఉంది. నేర్పి వచ్చిన కార్యకర్తకు ఎన్ని ఇళ్ళు తిరిగిందని కాకుండా, తర్వాత వేరేవాళ్ళు వెళ్ళి కొన్ని ఇళ్ళలో అడిగినప్పుడు తల్లులకు ఎంత గుర్తుందన్న దాన్నిబట్టి డబ్బు కట్టారు. తల్లులు కలిపిన నీళ్ళను పరీక్షకూ పంపారు. కొలత బాగానే వచ్చింది. కాని బిడ్డకు పట్టేవాళ్ళు తక్కువని తేలింది. ఆరా తీస్తే, నేర్పేవాళ్ళలోనే కొందరికి ఆ నీళ్ళ మీద నమ్మకం లేదు, తమకు జబ్బు చేస్తే మాత్రలు మింగుతున్నారు. ఇంటి మగవాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. అప్పుడు కార్యకర్తలకు మళ్ళీ తర్ఫీదు ఇచ్చారు, మగవాళ్ళతో విడిగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఉప్పు చిటికెడు చిటికెడుగానే ఉంది.

వీటి పక్కన మన శిక్షణల తీరు పెట్టి చూడండి. రాష్ట్రస్థాయిలో అయిదు రోజులు, జిల్లాలో మూడు రోజులు, మండలంలో ఒక పూట. మెట్టు దిగేకొద్దీ కరిగి, చివరి మనిషికి చేరేది పీపీటీకి తీసిన సెల్‌ఫోన్ ఫొటో. పది గంటలకు మొదలు కావలసింది ముఖ్య అతిథి కోసం పన్నెండు దాకా ఆగుతుంది. జ్యోతి ప్రజ్వలన, శాలువా, ఫొటో. మిగిలిన సమయంలో ఏది కోస్తాం? ఉపన్యాసం అలాగే ఉంచి, చేతులతో చేయించే పని కోసేస్తాం. మాస్టారు ఎప్పుడూ దీన్ని తిరగేసేవారు. సమయం సగమైతే తన మాటను పావు చేసుకునేవారు, చేయించే పని పూర్తిగా ఉంచేవారు, సాయంత్రం ఆడవాళ్ళను బస్సు వేళకు వదిలేసేవారు. బస్సు తప్పిపోయిన మనిషి మర్నాడు రాదని ఆయనకు తెలుసు. అన్న వేళకు ముగించడం ఆయన మార్చకూడనివాటిలో ఒకటి.

ఇంకొకటి, ఆయన అబద్ధం చెప్పేవారు కాదు. మధ్యలో ఎవరో లేచి "పంట నష్టపరిహారం ఎప్పుడొస్తుంది?" అని అడుగుతారు. అది మన పరిధి కాదంటే ఆ గది అక్కడితో మూసుకుపోయినట్టే. వస్తుందిలే అనడం ఇంకా ఘోరం. ఆయన ఆ ప్రశ్నను పెద్ద అక్షరాలతో చార్టు మీద రాసి గోడకు తగిలించేవారు, అడిగిన మనిషి పేరుతో సహా. భోజనాల దగ్గర, జవాబు చెప్పగల అధికారికి అందరి ముందే ఫోను కలిపేవారు. దొరికితే దొరికినట్టు, దొరక్కపోతే దొరకలేదని చెప్పేవారు. ఆ పావుగంట పోయినందుకు మిగతా రోజంతా జనం ఆయనతో ఉండేవారు. కార్యక్రమ పత్రంలో ఆ పావుగంటకు గడి లేదు. నివేదికలో రాస్తే "షెడ్యూలు పాటించలేదు" అని వ్యాఖ్య వచ్చేది. ఆయన రాసేవారు, వ్యాఖ్య వచ్చేది, మళ్ళీ రాసేవారు.

ఇక్కడ శిక్షణ సంస్థలు నడిపేవాళ్ళు, నిధులు మంజూరు చేసేవాళ్ళు ఉన్నారు. మిమ్మల్ని మూడు అడుగుతాను. ఏ శిక్షణకూ ఒక్కరిని పంపకండి, ఇద్దరిని పంపండి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళు జనం ముఖాలు చూడాలి, వంత పలకాలి. మాట్లాడేవాడికి తన గొంతు తప్ప ఏదీ వినపడదు, ఎంత అనుభవం ఉన్నా అంతే. రెండు, ప్రతి కార్యక్రమ పత్రం తలపైన "ఈరోజు మారకూడనిది" అని ఒక్క వాక్యం రాయించండి. నివేదిక ఫారంలో "ఏం మార్చారు, ఎందుకు" అని ఒక గడి పెట్టించండి, ఆ గడి నింపినవాళ్ళను సంజాయిషీ అడగకండి. మూడు, హాజరు పట్టీ, గ్రూపు ఫొటో చూసి బిల్లు పాస్ చేయడం మానండి. నెల తర్వాత ఎవరినైనా ఆ ఊరికి పంపి, నేర్చుకున్నది చేసి చూపించమని నలుగురిని అడిగించండి. దానికి డబ్బు లేదంటారేమో. శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీల పద్దు కింద ఇప్పుడు రాస్తున్న మొత్తం అందుకు సరిపోతుంది.